తెడ్డుకి ఎడమ చెప్పు

నేను కాలేజీలో చేరిన ఏడాది, ఆడపిల్లలు కూడా ఏదో ఒక ఆటలో పేరు ఇచ్చి తీరాలని నోటీసు పెట్టారు. టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ మగపిల్లలు పొద్దున్నుంచి పాతుకుపోయి ఉండేవారు. బ్యాడ్మింటన్ కోర్టు స్తంభానికి ఎప్పుడు చూసినా ఎవరిదో ఆవు కట్టేసి ఉండేది. మిగిలింది కెనూ క్లబ్బు. కెనూ అంటే ఏమిటో తెలియకుండానే సంతకం పెట్టాను. నాకు ఈత రాదు. వచ్చా అని అడిగినవాళ్ళూ లేరు.

తీరా చూస్తే కెనూ అంటే ఇద్దరు ముందూ వెనకా కూర్చుని, చెరో తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ పోయే సన్నపాటి పడవ. మా క్లబ్బుకి ఉన్నది ఒకటే. నాలుగు తెడ్లు, కొన్ని తేలే జాకెట్లు ఉండేవి. వాటిలో బూరుగుదూది కూరి ఉంటుంది, మనిషి మునగకుండా. ఇక నీళ్ళ సంగతి. ఖరగ్‌పూర్‌లో రైళ్ళున్నంత ధారాళంగా నీళ్ళు లేవు. కాంసాయి నది ఉంది గానీ, పడవ మోసుకుని అంత దూరం నడిచే మొనగాడు మా క్లబ్బులో లేడు. కాలేజీ కట్టినప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి ఒకటి హాస్టళ్ళ వెనక ఉండేది. వానలకి నిండి, చాలా పెద్ద మడుగైంది. క్లబ్బు పెద్దగా ఉన్న ప్రొఫెసరు గారు దాన్ని లేక్ అనేవారు. మేం గొయ్యి అనేవాళ్ళం. గేదెలు ఏమీ అనకుండా అందులో పడుకునేవి.

క్లబ్బుకి షెడ్డు లేదు. సామానంతా హాస్టలు మెట్ల కింద పెట్టేవారు. హాస్టల్లో పొడుగ్గా ఉన్న వస్తువు ఏదైనా దోమతెర కర్ర అయిపోతుంది. అలా తెడ్లు మాయమయ్యేవి. జాకెట్లు దిళ్ళయ్యేవి. పడవని కూడా వదల్లేదు. ఎవరో మహానుభావుడు దాన్ని బాత్రూముల వరండాలోకి లాగి, నిండా నీళ్ళు పోసి, సబ్బు కలిపి, వారం బట్టలు నానబెట్టాడు. తనిఖీకి వచ్చిన వార్డెన్ గారు చీకట్లో అందులో కాలు పెట్టారు. మర్నాటికి పడవా, తెడ్లూ, జాకెట్లూ, ఎవరివో లుంగీలూ అన్నీ కలిసి ఎండలో పచ్చిక మీద పడి ఉన్నాయి. మా సామాను మళ్ళీ హాస్టలు గడప తొక్కకూడదని హుకుం.

ప్రొఫెసరు గారు మీటింగు పెట్టారు. ఆయన నీటి ప్రవాహాల శాస్త్రం చెప్పేవారు. ఆయన పడవెక్కగా చూసినవాళ్ళు లేరు.

"మీలో హాస్టల్లో కాకుండా ఇంటి నుంచి వచ్చేవాళ్ళెవరు?" అని అడిగారు.

నేనొక్కదాన్నే చెయ్యెత్తాను.

"ఎక్కడ మీ ఇల్లు?"

"తాల్‌బగీచా సార్."

"వసారా ఉందా?"

"ఉంది సార్."

అంతే. అందరూ నాకేసి తిరిగి చప్పట్లు కొట్టారు. వసారా ఉన్నందుకు చప్పట్లు కొట్టించుకున్నది మా వంశంలో నేనే.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్స్ వదిలేసి, కాలేజీని ఆనుకునే ఉన్న తాల్‌బగీచాలో పెంకుటిల్లు కట్టుకున్నారు. చుట్టూ తూర్పు బెంగాలు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. అమ్మకి చదువు రాదు. నోరు వచ్చు. ఆ సాయంత్రం సంగతి చెబితే, అమ్మ పప్పు ఎనుపుతూ వింది.

"ఏటే, తెడ్లు తెత్తారా? మనింట్లో నేవేటి తెడ్లు? రెండున్నాయి, పులుసుకొకటి, అన్నానికొకటి."

"గరిటె తెడ్డు కాదమ్మా. పడవ తెడ్డు."

"పడవేటే? పడవ కూడా తెత్తారేటి?"

మర్నాడు పొద్దున్నే తెచ్చేశారు. నలుగురు కుర్రాళ్ళు పడవని బోర్లించి భుజాల మీద పెట్టుకుని, తలలు వంచుకుని, మా సందులోకి వచ్చారు. వాళ్ళ వాలకం చూసి, మేం మాసీమా అని పిలిచే ఎదురింటి బెంగాలీ పిన్నిగారు చెంగు తల మీదకి లాక్కుని దణ్ణం పెట్టింది.

"కే గేలో?" అని మెల్లిగా అడిగింది అమ్మని. ఎవరు పోయారని.

"ఎవలూ పోనేదు మాసీమా. నౌకా. కాలేజ్ కా నౌకా," అంది అమ్మ, వచ్చిన బెంగాలీ, రాని హిందీ కలిపి.

మాసీమా దణ్ణం వెనక్కి తీసుకుంది. దగ్గరికొచ్చి పడవని వేలితో తట్టింది. ఆవిడది తూర్పు బెంగాలులో బరిశాల్, అంతా కాలవలూ నదులూ. ఇంటి నుంచి బడికీ బజారుకీ పడవ మీదే వెళ్ళిన మనిషి. "ఏటా నౌకా? ఏటా తో కొలార్ ఖోలా!" అంది. ఇది పడవా, అరటితొక్క! ఆ రోజు నుంచీ మా సందులో కుర్రాళ్ళందరూ దాన్ని అరటితొక్క అనే పిలిచారు.

నాన్న డ్యూటీ దిగి వచ్చి, సైకిలు స్టాండు వేసి, వసారాలో పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగారు.

"ఇదెవల్ది?"

"కాలేజీది."

"కాలేజీకి ఇల్లు నేదా?"

సమాధానం కోసం చూడకుండా కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. ఆదివారం రాగానే మాత్రం, ఎవరూ అడక్కుండానే, దూలాలకి కొక్కేలు బిగించి పడవని పైకి వేలాడదీశారు. వసారా కంటే అదే కాస్త పొడుగు. ముక్కు సందులోకి పొడుచుకొచ్చింది. దాని మీద కాకి వచ్చి కూర్చునేది. ఎండలోకి దించి బోర్లించిన రోజున దాని వీపు మీద అమ్మ ఒడియాలు ఎండబెట్టుకునేది. తెడ్లు వంటింటి తలుపు మూల, జాకెట్లు అటక మీద.

మొదటి నెలంతా అమ్మ కుర్రాళ్ళని నమ్మింది. వచ్చినవాడికి తెడ్డిచ్చింది, జాకెట్టిచ్చింది, దాహం అంటే మజ్జిగ కూడా ఇచ్చింది. మజ్జిగ గ్లాసులు తిరిగొచ్చాయి గానీ, జాకెట్లు రాలేదు. వచ్చినవి బురదతో వచ్చాయి. ఒక తెడ్డుని మా ఇంట్లో ఇవ్వడానికి బద్ధకించి, సందు మొదట్లో టీ కొట్టువాడికి అప్పజెప్పి పోయాడొకడు. టీ కొట్టువాడు దాంతో కుక్కల్ని తోలుకుంటూ ఉండగా అమ్మ చూసింది.

ఇంటికొచ్చి నాతో అంది, "రేపట్నించి తాకట్టు."

"ఏం తాకట్టు? పేరూ రూము నంబరూ రాయించుకుందామా?"

"రాసుకుంటే ఏటవుద్ది? ఆడిచ్చిన పేరు ఆడిదో కాదో నాకేటి తెల్సు? సెప్పు ఒగ్గీమను. ఎడం కాలిది. సెప్పు నేకండా ఎంత దూరం పోతాడు?"

"ఎడమదే ఎందుకు?"

"ఎల్లినప్పుడు కుడికాలు ముందెట్టాల కదే. ఆళ్ళ మంచీ సూడాల."

మొదట చిక్కింది గుంటూరు నుంచి వచ్చి సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న ఒకబ్బాయి. తెలుగువాడు కాబట్టి తన పని సులువనుకున్నాడు.

"అమ్మగారూ, రెండు తెడ్లు కావాలండి."

"సెప్పు," అంది అమ్మ.

"అదేనండి, రెండు తెడ్లు."

"సెప్పు బాబూ."

"చెప్పానుగదండీ! రెండు తెడ్లు, రెండు జాకెట్లు!"

"సెప్పడం కాదు నాయినా. సెప్పు. కాలిది."

అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు, తర్వాత నాకేసి చూశాడు. నేను స్తంభం వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను.

మిగతావాళ్ళకి అమ్మ హిందీలో చెప్పేది. "జూతా ఇదర్ రక్కో, చప్పూ ఉదర్ లేజావ్." చప్పూ అంటే తెడ్డు. ఆ హిందీ అర్థం కానివాడు కాలేజీలో లేడు. క్లబ్బు సెక్రెటరీ కలకత్తా కుర్రాడు, పొడగరి, మిలమిల మెరిసే నల్ల బూట్లు వేసేవాడు. అవి వదలడం ఇష్టం లేక సంచిలో ఒక తెగిపోయిన హవాయి చెప్పు వేసుకొచ్చి అది తాకట్టు పెట్టబోయాడు. అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, సంచిలో పడేసింది. "ఏసుకొచ్చింది ఒగ్గు," అంది తెలుగులోనే. అతనికి తెలుగు రాదు. అయినా బూటు విప్పాడు.

నన్ను కూడా వదల్లేదు. నేను తెడ్డు తీసుకుంటే నా చెప్పూ మెట్టు మీద ఉండాల్సిందే. "నువ్వు ఇంట్లోనే ఉంటావని నాకేటి నమ్మకం?" అనేది.

తిరిగొచ్చిన జాకెట్టుని ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేది. తడి ఉంటే వెనక్కి పంపేది, ఎండబెట్టి తెమ్మని. అది ఆరేదాకా పాపం ఆ కుర్రాడు మా వీధి గట్టు మీద ఒక కాలికే బూటుతో కూర్చునేవాడు. మొత్తానికి సామాను పోవడం ఆగిపోయింది. ప్రొఫెసరు గారు మీటింగులో తన పర్యవేక్షణ ఫలించిందని చెప్పుకున్నారు.

అమ్మ అప్పులిచ్చింది కాలేజీవాళ్ళకే కాదు. ఝపటాపూర్ పేటలో మన తెలుగువాళ్ళు సంతర్పణ పెట్టుకున్నప్పుడు, గంగాళంలో పులిహోర కలపడానికి పెద్ద తెడ్డు లేదని వంటాయన బెంగపడ్డాడు. అమ్మ కళ్ళు తలుపు మూలకి వెళ్ళాయి. వంటాయన ఎడమ చెప్పు మా మెట్టెక్కింది, క్లబ్బు తెడ్డు గంగాళంలోకి దిగింది. తిరిగొచ్చేసరికి పచ్చగా, ఇంగువ వాసన కొడుతూ ఉంది. సెక్రెటరీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మాజీ, యే క్యా హువా?"

"కడిగినాను. పసుపు మంచిదే," అంది అమ్మ.

ఆ తర్వాత ఆ తెడ్డు కోసం వంతులు వేసుకున్నారు. నీళ్ళ మీద ఉండగా ఆకలి పుట్టిస్తుంది, ఒడ్డు తొందరగా చేరతామని గుంటూరు అబ్బాయి చెప్పేవాడు.

నాకు మాత్రం కెనూలో కూర్చోవడం నిజంగానే నచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఇంకో అమ్మాయితో కలిసి ఆ మడుగంతా తిరిగేదాన్ని. ఒడ్డు మీద ఉంటే నన్ను అందరూ ఏదో ఒకటి అడిగేవారు, ఎప్పుడు పాసవుతావని, ఎప్పుడు పెళ్ళని. నీళ్ళ మధ్యకొచ్చి అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతకడానికి మా దూరపు పిన్నమ్మ నడుం కట్టింది. వాల్తేరులో గూడ్సు క్లర్కుగా ఉన్న కుర్రాడిని చూసింది. కుర్రాడు, వాళ్ళమ్మ, మేనమామ ఒక ఆదివారం పిల్లని చూసుకోవడానికి వస్తామని కబురు చేశారు. అమ్మ సరే అంది. అదే ఆదివారం హాస్టళ్ళ మధ్య కెనూ పోటీ ఉందని నేను చెప్పాను. "ఆళ్ళ పోటీ గోతిలో. మనింట్లో కాదు కదా," అంది.

ఒకటే పడవతో పోటీ ఎలాగంటే, ఒక జట్టు వెళ్ళి తిరిగి రావాలి, సెక్రెటరీ గడియారం చూసి రాసుకోవాలి, తర్వాత ఇంకో జట్టు ఎక్కాలి. ఒకరు తడిపిన జాకెట్టు ఇంకొకరు తొడుక్కోరు కాబట్టి అందరికీ జాకెట్లు కావాలి. తెల్లారకుండానే వచ్చి అందరూ తీసుకుపోయారు. మా మెట్ల మీద ఎడమ బూట్లు, చెప్పులు, శాండిల్సు బారులు తీరి మిగిలాయి. అమ్మ పెళ్ళివారి కోసం వంట హడావిడిలో ఉండి అటు చూడలేదు. నేను చూశాను. చూసీ ఊరుకున్నాను.

పెళ్ళివారు రిక్షా దిగారు. మేనమామ పంచె కట్టిన మనిషి, మీసాలు దువ్వుకుంటూ ముందు నడిచాడు. మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇంట్లో మగోళ్ళు ఎంతమందుంటారు బావా?" అన్నాడు నాన్నతో.

"నానొక్కడినే."

"మరీ జోళ్ళేటి?"

నాన్న మెట్లకేసి ఒకసారి చూసి, ఏ మాత్రం తొణక్కుండా, "తాకట్టు," అన్నారు.

మేనమామ వంగి చూశాడు. "అన్నీ ఎడంవే!"

"కుడివి ఆళ్ళు ఏసుకెల్లినారు," అన్నారు నాన్న. అది నిజమే గానీ, ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాట వల్ల మేలేమీ జరగలేదు.

అందరూ లోపల కూర్చున్నారు. నేను కాఫీ తెచ్చాను. అబ్బాయి తల వంచుకుని గ్లాసు తీసుకున్నాడు. వాళ్ళమ్మ వంట వచ్చా, కుట్టు వచ్చా అని మొదలుపెట్టింది. అప్పుడే సందులో కేకలు వినబడ్డాయి. పోటీ అయిపోయింది. గుంటూరు అబ్బాయి జట్టు గెలిచింది. తడిసిన నిక్కర్లతో, ఒంటి నిండా బురదతో, ఒక్కో కాలికే బూటుతో కుంటుకుంటూ మొత్తం క్లబ్బంతా పడవని నెత్తిన పెట్టుకుని మా వసారాలోకి వచ్చేసింది.

"మాజీ! జూతా!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

పెళ్ళికొడుకు తల్లి కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికొడుకు మాత్రం మొదటిసారి తలెత్తాడు, నాకేసి కాదు, పడవకేసి. లేచి గుమ్మంలోకి వెళ్ళి, "ఇది సముద్రంలో పోతాదేటండి?" అని అడిగాడు సెక్రెటరీని, తెలుగులో. సెక్రెటరీ అలవాటుగా అతని ఎడమ కాలికేసి చూశాడు.

మేనమామ కోపంగా బయటికొచ్చాడు. దారికి అడ్డం ఉన్న ఒక బూటుని కాలి బొటనవేలితో తోశాడు. అది మెట్ల మీంచి దొర్లి కాలవలో పడింది. సెక్రెటరీ నల్ల బూటు.

"ఇది సంసారుల ఇల్లా, సెప్పుల కొట్టా?" అన్నాడు.

అప్పటిదాకా ఓపిగ్గా ఉన్న అమ్మ పళ్ళెం కింద పెట్టింది.

"సూడు బాబూ. ఈ కుర్రగుంటలు అడిగి తీసుకెల్లి, మళ్ళా తెచ్చి ఇత్తన్నారు. తాకట్టు ఎట్టి మరీ. నువ్వు నా పిల్లని అడగడానికి ఒచ్చినావు. నువ్వేటి ఒగ్గెల్తావు?"

సందులో మాసీమా తెలుగు ఒక్క ముక్క రాకపోయినా అంతా అర్థమైనట్టు తలూపింది.

భోజనాలు మాత్రం చేశారు. పరువు పోయిందని చెప్పి భోజనం వదులుకునే రకం కాదు వాళ్ళు. గారెలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. రెండు వారాలకి పిన్నమ్మ ద్వారా సంబంధం వద్దన్న కబురొచ్చింది. నాకు ఏడుపు రాలేదు. పెళ్ళిచూపుల రోజున ఒక్క గారె కూడా మిగల్లేదే అని మాత్రం చాలా కాలం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ తెడ్డు తుడుస్తూ హఠాత్తుగా అంది, "ఇన్నాళ్ళనించి దీన్ని కాపలా కాత్తన్నాను. దీన్ని నీళ్ళల్లో నానొక్కసారీ సూడనేదు."

నేను సెక్రెటరీకి చెప్పాను. వచ్చే ఆదివారమే అన్నాడు. మాసీమా కూడా వస్తానంది. అరటితొక్క మునిగితే తేల్చడానికి తెలిసినవాళ్ళు ఒకరుండాలట.

ప్రొఫెసరు గారు ఎలాగో విని, టోపీ పెట్టుకుని ఒడ్డుకి వచ్చారు. అమ్మకీ మాసీమాకీ చీరల మీద జాకెట్లు కట్టాం. ఇద్దరూ దూది బస్తాల్లా తయారయ్యారు. ప్రొఫెసరు గారు బరువు, సమతౌల్యం, గురుత్వ కేంద్రం గురించి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. అమ్మ మర్యాదగా విని, "ఏటంతన్నాడే?" అని అడిగింది.

"కదలకుండా కూర్చోమంటున్నారు."

"అంతేటి? దానికి ఇంత సెప్పాలా?"

కూర్చుంది. అమ్మ ముందు, మాసీమా వెనక. మాసీమా ఒడ్డుని తెడ్డుతో ఒక్క తోపు తోసింది. పడవ చక్కగా జారింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మా దేశంలో పడవని ఇలా కూర్చుని నడిపేది ముసలాళ్ళే," అని బెంగాలీలో అరిచి, లేచి నిలబడింది.

బరిశాల్ పడవలు అందుకు ఒప్పుకుంటాయేమో. అరటితొక్క ఒప్పుకోలేదు. ఒక్క క్షణంలో బోర్లా పడింది.

"రెస్క్యూ! రెస్క్యూ!" అని ప్రొఫెసరు గారు ఒడ్డు మీద నుంచే కేకలు వేశారు. గేదెలు లేచి పక్కకి వెళ్ళిపోయాయి. ఈత రాదన్న సంగతి మరిచిపోయి నేను దూకేశాను. దూకాక తెలిసింది, నీళ్ళు నడుం దాకానే ఉన్నాయని. కాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో దిగిపోయాయి. "అమ్మా! అమ్మా!" అని చేతులతో నీళ్ళు తడుముతున్నాను.

అమ్మ నా పక్కనే లేచింది. ముడి ఊడిపోయి జుట్టంతా ముఖం మీద. జాకెట్టు చెవుల దాకా పొంగింది. తెడ్డు మాత్రం చేతిలోనే ఉంది. నోట్లో నీళ్ళు ఊసి నవ్వడం మొదలుపెట్టింది. మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వగా నేను చూడడం అదే మొదలు. పక్కన మాసీమా నిలబడి ఆ పడవ చేసినవాడి పద్నాలుగు తరాలనీ తిడుతోంది. ఆవిడ తిడుతున్నకొద్దీ అమ్మ నవ్వుతోంది. కాసేపటికి మాసీమా కూడా నవ్వేసింది. నేనే వెర్రిదానిలా ఏడుస్తూ నిలబడ్డాను.

"ఏటే, ఏడుత్తన్నావు? దాన్ని తిప్పు, మళ్ళా ఎక్కుదాం," అంది అమ్మ.

ఎక్కారు. ఈసారి మాసీమా నిలబడలేదు. అమ్మకి మొదట్లో తెడ్డుని అంబలి కలిపినట్టు తిప్పడమే తెలుసు, పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. సెక్రెటరీ నీళ్ళల్లోకి దిగి, పడవ పక్కనే నడుస్తూ, చెయ్యి పట్టుకుని చూపించాడు. మూడు నాలుగుసార్లు చూపించేసరికి పడవ ముందుకి కదిలింది. ఒకరు తెలుగులో, ఒకరు బెంగాలీలో పోట్లాడుకుంటూ అవతలి ఒడ్డు దాకా వెళ్ళొచ్చారు.

మరుసటి ఏడాది కాలేజీవాళ్ళు మడుగు ఒడ్డునే రేకుల షెడ్డు వేసి, తాళం పెట్టి, చౌకీదారుని వేశారు. ప్రొఫెసరు గారు రిబ్బను కత్తిరించారు. నలుగురు కుర్రాళ్ళు మళ్ళీ పడవని భుజాన వేసుకుని మా సందులోంచి మోసుకుపోయారు. వసారా ఒక్కసారిగా వెడల్పైనట్టనిపించింది. నేను చదువు పూర్తి చేసి రైల్వే స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. పెళ్ళి చాలా ఏళ్ళకి, నాకు నచ్చినవాడితో అయింది.

అమ్మా మాసీమా మాత్రం ఆదివారం సాయంత్రాలు మడుగుకి వెళ్ళడం మానలేదు. చౌకీదారు ఒకటి రెండుసార్లు అడ్డు చెప్పి, అమ్మ నోటితో పరిచయమయ్యాక తాళం తీసి ఇచ్చేవాడు. నాన్నని కూడా రమ్మని అమ్మ చాలాకాలం పోరింది. రిటైరయ్యాక, ఇక తప్పించుకోవడానికి డ్యూటీ కూడా లేకపోవడంతో, ఒకరోజు వెళ్ళారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పడవ రెండు అంచులూ గట్టిగా పట్టుకుని ముందు కూర్చున్నారు. అమ్మ వెనక కూర్చుని ఒడ్డుని తోసింది. మడుగు మధ్యకి వెళ్ళాక నాన్న తల తిప్పకుండానే అడిగారు.

"దిగేదెక్కడ?"

"దిగడానికి ఇదేటి ప్యాసింజరా? తిప్పి తెత్తాను, కూకో," అంది అమ్మ.